ఈ రాత్రి ఫాంటా వంతు నాది

శుక్రవారం. మేం నలుగురం. ఒకరు తాగకూడదు.
పేర్ల చీటీలు ఎప్పుడూ కంకిండి చేతిసంచిలోనే ఉంటాయి,
ఈసారి నా పేరు తగిలింది.
సరే, నిమ్మ ఫాంటా. ఐసు వద్దు.
మూత నా ముందే తియ్యి, అన్నాను.
బార్ కుర్రాడు నవ్వి తీశాడు. టప్పుమంది.
నాకు ఆ చప్పుడంటే ఇష్టం.

న్యమిరాంబోలో తొమ్మిదయ్యేసరికి
పుల్లలకు గుచ్చిన మేకమాంసం
నిప్పుల మీద కొవ్వు కారుస్తూ ఉంటుంది.
కాలిన అరటికాయ వాసన మేడెక్కి మా బల్ల దాకా వస్తుంది.
కిందికి చూస్తే కిగాలీ,
ఎవరో కొండల మీద దీపాలు ఆరబోసి
ఎత్తడం మర్చిపోయినట్టు.

దాతివ్ లేచి ఆడింది.
పగలంతా బ్యాంకులో ఊరివాళ్ల డబ్బు లెక్కపెట్టే మనిషి
ఇప్పుడు దేన్నీ లెక్కపెట్టదు.
ఆమె చెప్పులు నా కాళ్ల దగ్గర,
ఆమె గ్లాసు మీద నా అరచెయ్యి.
మూడు గ్లాసులు, నాకున్నవి రెండు చేతులు.
మూడోదాని మీద పళ్లెం బోర్లించాను.
"కోడిపెట్టలా కూర్చున్నావే" అంది క్లారిస్.
అవును, పొదుగుతున్నాను. నువ్వు నోర్మూసుకుని ఆడు.

ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద.
అందరికీ తాగడానికి తెప్పిస్తానన్నాడు.
వద్దు, అంది కంకిండి.
ఆయన మళ్లీ అన్నాడు.
కంకిండీ మళ్లీ అంది, అదే గొంతు, అంతే పొడవు.
వెళ్లిపోయాడు.
పాపం, మంచివాడేమో, అన్నాను.
మంచివాడైతే మొదటిసారికే వెళ్లేవాడు, అంది క్లారిస్.
ఏమో. ఇంతలో పాట మారింది.

మా అమ్మకి ఇరవయ్యేళ్లు ఈ ఊళ్లోనే నిండాయి.
అప్పటి రాత్రుల గురించి ఆమె చెప్పలేదు,
నేను అడగలేదు.
ఇప్పటికీ చీకటిపడితే గడియ మూడుసార్లు తడిమి చూస్తుంది.
నేను బయల్దేరేటప్పుడు మాత్రం
నా చెవిదిద్దులు సరిచేసి
"పాట బాగుంటే ఇంకాసేపు ఉండు" అంటుంది.
అది ఎంత పెద్ద మాటో
నాకు ముప్పై దాటాక గానీ అర్థం కాలేదు.

ఒంటిగంట.
ఎదురు కొండ మీద వాన, మా కొండ మీద లేదు.
మోటోవాళ్లు వరసగా నిలబడ్డారు.
వీపుల మీద నంబర్లు పైకి చదివి
ఫోన్లో రాసుకుంటున్నాను.
"మార్కులు వేస్తున్నావా టీచరమ్మా?" అన్నాడు
తెయొజెన్ అనే పెద్దాయన.
ఇంటికి చేరిస్తే నూటికి నూరు, అన్నాను.
హెల్మెట్ పట్టీ ఎలా బిగించుకోవాలో
దాతివ్‌ని తాకకుండా
తన గడ్డం కిందే చూపించాడు.
బుహోరో బుహోరో, అన్నాను. మెల్లగా, మెల్లగా.
నాకూ కూతుళ్లున్నారులే అని అతను అనలేదు.
అందుకే నమ్మాను.

క్లారిస్: చేరాను.
కంకిండి: చేరాను, కుక్క అందర్నీ లేపేసింది.
దాతివ్:

మంచం అంచున నేను,
ఒక దిద్దు తీసి, ఒకటి తియ్యక.
పది నిమిషాలు. పదిహేడు.
పదిహేడు నిమిషాలంటే ఎంతో
ఫాంటా తాగినవాళ్లని అడగాలి.

తెలియని నంబరు మోగింది.
"తెయొజెన్‌ని. మీ అమ్మాయి గేటు లోపలికి వెళ్లింది.
ఫోన్లో ఛార్జి లేదట, నీకు చెప్పమంది.
నీ నంబరు నోటికే చెప్పింది,
అంత మత్తులోనూ ఒక్క అంకె తప్పలేదు.
ఇంతకీ నా మార్కులు?"

పక్కగదిలో గడియ చప్పుడు. మూడోసారి.
"పాట బాగుందా?" అంది అమ్మ, తలుపవతలి నుంచే.
చాలా, అన్నాను.

అప్పుడు చూసుకున్నాను,
నా సంచిలో దాతివ్ చెప్పులు.
పాపం, వట్టి కాళ్లతో వెళ్లింది.
ఇవ్వను.
వచ్చే శుక్రవారం చీటీల్లో నా పేరు ఉండదు,
వీటితోనే ఆడతాను.
నా గ్లాసు మీద ఎవరి చెయ్యి ఉంటుందో
ఇప్పుడే ఎందుకు?