పక్క దారి కేక

ఈసారి బాపు ఆసరెల్లి బండెక్కిండు.
బాకీ తీర్చిండట సావుకారు,
పైన ఓ పాత మోటారుసైకిలట.
మంచిదే, అన్న నేను.
సిరొంచ రోడ్డు మీది నా పంక్చర్ దుకాణంల
ట్యూబు నీళ్లల్ల ముంచి
బుడగలెక్కడ లేస్తయో చూసుకుంట
మంచిదే, అని మళ్లా అన్న.

ఏడేండ్లు ఆయన పరుగులు రాసిన నోటుబుక్కు
గల్లా కింద ఉంది.
అంకీస పట్, ఎనిమిది సెకన్ల మీద మూడు పాయింట్లు.
ఇంకోచోట, తోక ముట్టకుండ గెలిచిండు, అని.
చింపుదామనుకున్న.
ఆసరెల్లి పేరుతోని కొత్త పేజీకి గీతలు కొట్టిన.

జెండా పడ్డది.
మా ఎడ్ల మీద ఎవరో కొత్త పోరడు,
కొరడా ఉంది, నోరు లేదు.
పక్క దారిలకెల్లి బాపు కేక:
"హొర్రియా!"
మా సోన్య చెవులు అటే తిరిగినయి.
తర్వాత ఏమైందో కండ్లకు అందలే,
దుమ్ములకెల్లి ముందుగాల మా ఎడ్లే వచ్చినయి.

అందరు గులాలు చల్లుకుంటుండ్రు.
నేను గూడ ఈలేసిన, అబద్ధమెందుకు.
ఓడిన బండి దిగి బాపు
సోన్య మూపు నిమిరి,
నా దిక్కు చూడకుండ పోయిండు.

రాత్రి నోటుబుక్కుల టైమెక్కించిన.
తోలినోని పేరు
ఇంకా రాయలే.