రేవు బిళ్లలు

ఇరవై ఏండ్లు, ఈ మిషిన్ కూసినప్పుడల్లా
ఊపిరి బిగబట్టిన.
మహాదేవపూర్ తొవ్వల కల్వర్టుల కింద
బోర్ల పండుకొని
మట్టిని పురిటిబిడ్డ లెక్క తుడిచిన.

ఇంక మూడు నెలలల్ల పింఛను.
పుష్కరాల బందోబస్తు అని
కాళేశ్వరం ఇసుకంత జల్లెడ పట్టమన్నరు.
కూసింది.
"ఎనుకకు జరుగుండ్రి" అన్న, అలవాటు కొద్ది.
జరగనీకి ఎవ్వరున్నరు,
నీళ్లకొచ్చిన మేక ఒకటి తప్ప.

వేళ్లతోని తోడిన. వైరు లేదు. డబ్బా లేదు.
చిలుమెక్కిన ఇత్తడి బిళ్ల,
నడుమ తూటు, సుట్టూ ఉర్దూ రాత,
నంబరు నలభైమూడు.
పక్కకే ఇంకోటి. జానెడు లోతుల ఇంకో రెండు.
ఉమ్మితోని రుద్దితే చిన్న పడవ తేలింది.

బెస్త ఓదెలు సూసి నవ్విండు:
"మా తాత కాలంల రేవుయి.
ఒడ్డుకు అణా ఇచ్చి కొనాలె,
పడవ ఎక్కంగ మళ్ల చేతుల పెట్టాలె."

అంటే దొరికినయన్ని
ఎక్కనోళ్లయి.

వరదకు పడవ ఆగిందో,
ఆవలి సిరోంచ సంబంధం చెడిందో,
పిల్లగాడు ఆటల పాతిపెట్టి జాగ మర్చిండో.
గంగ ఏ రిజిస్టరూ రాయది.
నేను రాసిన: "అనుమానాస్పద వస్తువులు లేవు."

మూడు ఓదెలు దోసిట్ల పోసిన.

పొద్దుగూకి మిషిన్ సర్దుతుంటే
మళ్ల కూసింది, నా జేబు కాడ.
ఎస్సై మెడ తిప్పిండు.
"తాళంచెవి సార్" అన్న.