పేరు ఆనిన చోటు

తెరమీద తీగలు లేవు.
ఉన్నవి రంగు ముక్కలే:
నీలం పట్టీ, దాని మీదుగా అడ్డంగా ఎర్ర పట్టీ,
రెంటి మధ్యా నువ్వుగింజంత నల్ల చదరం.
కరెంటు అన్న మాటే ఈ బొమ్మకు తెలీదు.

షిన్‌చూలో డిసెంబరు గాలి
ఆరో అంతస్తు అద్దాన్ని మోచేత్తో పొడుస్తోంది.
స్యూలాన్ అక్క ఫ్లాస్కు మూత తిప్పుతూ
చేరిన రోజున నాకు చెప్పిన మాట ఇదే:
"దాటడం వేరు, కలవడం వేరు."

ఎర్ర పట్టీ నీలాన్ని వెయ్యిసార్లు దాటనీ,
వంతెన మీద రైలు, కింద పడవ,
ఒకరి మొహం ఒకరెరగరు.
నువ్వుగింజ పడితేనే చుట్టరికం.

ప్రోగ్రాము అడిగేది ఒక్కటే.
నాలుగు కోట్ల ముక్కల్ని, ఒక్కోదాన్నీ నిలబెట్టి:
నీకు తగిలింది ఎవరు?
తగిలినవాళ్ళంతా ఒక ఇల్లు.
రెండిళ్ళను ఓ గింజ కలిపిందా,
తక్కువమంది ఉన్న ఇంటి పెద్ద లేచి
ఎక్కువమంది ఉన్న ఇంటి పెద్దకేసి వేలు చూపిస్తాడు:
ఇకమీదట నన్నడక్కండి, ఆయన్నడగండి.

ఒక్కచోట మాత్రం కలపడానికి ముందు కోత.
ఆకుపచ్చ నేల మీదుగా పాలీ గీత నడిచినచోట
నేలను రెండుగా తెంచుకోవాలి.
అది తలుపు.
తలుపుకు అటూ ఇటూ ఒకే గది అని రాసుకుంటే
ఊరంతా ఒకే గది.

రాత్రి పదకొండున్నరకు ఫలితం వచ్చింది:
ఒకే ఇంటికి రెండు ఇంటిపేర్లు.
వీడీడీ అని ఒకటి, రీసెట్ అని ఒకటి.
పొద్దున తొమ్మిదికి ఫైలు ఫౌండ్రీకి పోవాలి.
తెంగ్ పో-హాన్ రెండు చేతులూ జుట్టులో పెట్టుకున్నాడు.
ఒక్కో పట్టీ వెలిగించి చూశాం, ఒక్కో పొర ఆర్పి చూశాం,
ఎక్కడ తగిలాయి, ఎక్కడ తగిలాయి
అనుకుంటూ మూడు గంటలు.

అక్క ఈ పనిలోకి వచ్చినప్పుడు ఇది రంగు పెన్సిళ్ళ పని.
గోడంత కాగితం నేలమీద పరిచి
మేజోళ్ళ కాళ్ళతో దానిమీద పాకుతూ
ఒక్కో తీగకూ చివరంటా పసుపు పూసేదట.
మధ్యవేలి మీద ఆ కాయ ఇంకా ఉంది.
ఆ వేలితోనే తెరను తట్టింది:
"కలిసిన చోటు వెతక్కండి.
పేరు పోగొట్టుకున్న తీగ ఏదన్నా ఉందేమో చూడండి."

ఉంది.
వీడీడీ పక్కనే, సన్నగా,
ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగాల్సిన చోట దిగి,
అన్నీ సక్రమంగా ఉండి
పేరుకు బదులు ఉత్త అంకె తగిలించుకుని.

రీసెట్ అన్న అక్షరాలు దానిమీదే పరుచుకున్నాయి,
మా కళ్ళకు.
ప్రోగ్రాముకు అక్షరాల వెడల్పుతో పని లేదు.
పేరుకు ఎడమ చివర ఒక బిందువు, చిన్న ప్లస్ గుర్తు,
అది ఎవరిమీద ఆనితే పేరు వాళ్ళది.
మాది ఐదు నానోమీటర్లు జరిగి
పొరుగింటి మీద ఆనింది.

పో-హాన్ నవ్వాడు. అక్క నవ్వలేదు.
"మా అమ్మదీ ఇదే తంతు," అంది తెరకేసే చూస్తూ.
రెండేళ్ళ పిల్లను
పెంచి కోడల్ని చేసుకోమని పక్క లోయలో ఇచ్చారట.
రిజిస్టరులో గుమాస్తా గడి తప్పాడు.
"అరవై ఏళ్ళూ తాకింది మమ్మల్ని.
పేరు పక్కింటి వరసలో."

ఇంకేమీ అడగలేదు నేను.
ఆమె ప్లస్ గుర్తును పట్టుకుని జరిపింది.
ఒక్క క్లిక్కు. మూత పెట్టి, చలికోటు తొడుక్కుంది.

రెండూ నలభైకి మళ్ళీ నడిపాం.
నాలుగు కోట్ల ముక్కలు మొదటినుంచీ
పక్కవాళ్ళని చెప్పడం మొదలుపెట్టాయి.
పో-హాన్ బల్లమీదే నిద్రపోయాడు,
మోచెయ్యి నా చేతికి ఆనించి.
కదపలేదు.