ఆరుద్ర కార్తె, అమెరాత్

నా పని చిన్నది.
రెండు మీటర్ల పోలు, దానికొక గాజుబుడ్డి,
బుడ్డిల పచ్చనీళ్లు, నీళ్లల్ల ఒక బుడగ.
ఆ బుడగ గీత దాటకుండ నిలబడాలె.
దూరంకెల్లి థంకచ్చన్ సారు ఒంటికన్నుతోటి చూసి
“భూమేశ్, సీదా పకడో” అంటడు.
తొమ్మిదేండ్ల సంది సీదనే పట్టుకున్న.

ఇయ్యాల జూన్ ఇరవై ఒకటి.
కొండల నడుమ గిన్నె లెక్క అమెరాత్,
గిన్నె అడుగున కాలుతున్న గులకరాళ్లు,
ఇంక పుట్టని ఇండ్లకు మేం గీస్తున్న హద్దులు.
ఎండపూట విరామం పన్నెండున్నరకని
సర్కారు కాయిదం రాసిచ్చింది.
సూర్యుడు కాయిదం సదవలే.
పన్నెండూ ఎనిమిదికే నడినెత్తికొచ్చి నిలబడ్డడు.

పొద్దుగాల పడమటికి బారెడు పండుకున్న పోలు నీడ
బెత్తెడయింది, బొటనవేలంతయింది, గోరంతయింది,
ఆఖరుకు పాము పుట్టలకు పోయినట్టు
ఇనుప మొన కిందికి దూరింది.
నా నీడ నా బూట్ల కింద.
టోపీ నీడ ఒక్కటే భుజాల మీద, తడిబట్ట తీర్గ.
సారు సుత లెన్సు మీదికెల్లి మొఖమెత్తిండు:
“ఇదే కొస. ఇంతకన్న ఉత్తరానికి ఆయన రాడు.”

మా కోరుట్ల దిక్కు ఆయన నెత్తిమీదికెల్లి రెండుసార్లు నడుస్తడు,
పోయేటప్పుడొకసారి, మర్లేటప్పుడొకసారి.
ఆ నడుమ పట్టపగటి నీడలు దక్షిణానికి పడ్తయి,
నాట్లకు వంగినోళ్లు ఎవలూ వాటి దిక్కు చూడరు.
ఇక్కడికి మాత్రం ఒక్కసారే.
వచ్చి, కొస ముట్టి,
చెప్పులన్న ఇడువకుండ మర్లిపోతడు.

రూముల గోడకున్న పంచాంగం
జులై నడుమదాక దక్షిణాయనం అనదు.
దానికి కబురు ఆలస్యంగ అందుతది,
మా జీతం లెక్క.

రేపటి సంది ఆరుద్ర కార్తె.
ఆరుద్ర కురిస్తే దరిద్రం ఉండదని మా పెద్దమ్మ అంటుండె.
ఇక్కడ ఏ కార్తె కురవది.
నా చేతిల ఎర్రరంగు డబ్బా ఉన్నది,
మూలకొక రాయి, రాయికొక చుక్క.
నూటపదకొండు చుక్కలు పెట్టి వెనుకకు మర్లి చూస్తే
మొదటి వానకు మట్టిలకెల్లి లేసిన
మకమల్ పురుగులు, నేలంత.
ఒకదాన్ని ముట్టుకున్న. వేలు చుర్రుమన్నది.

తోట కావలి ఖల్ఫాన్ బాబా
సగం పసుపు, సగం పండిన ఖర్జూరం ఒకటి అరచేతిల పెట్టిండు.
“ఈ మంట లేకుంటే ఇది తీపి కాదు,
సుహైల్ పొడిచేదాక ఓపిక పట్టు” అన్నడు.
సుహైల్ అంటే మన అగస్త్య చుక్కనే.
పసుపు దిక్కు కొరికిన. వగరు.

నిరుడు డిసెంబరుల క్యాంపు వెనుక ఇదే పోలు నిలబెట్టి,
పగటీలి నీడ ఆగిన కాడ ఒక మేకు కొట్టిన.
నీడ పోలు కన్న జానెడు పొడుగు.
ఆ దినాలల్ల సారు స్వెట్టరేసుకుంటడు,
రాత్రి చాయ్ రెండోసారి పెట్టుకుంటం,
ఎవడన్నొకడు పాట కూడ అందుకుంటడు.
పోలు మొదలు నుంచి ఆ మేకు దాక
మూడంగలు.
నా ఏడాదంత ఆ మూడంగల్ల పోతది, వస్తది.

పన్నెండూ పదకొండు.
తూర్పు దిక్కు పోలు కింద నల్లగ, ఎంట్రుకంత.
దాని మొన మీద చుక్క పెడదామని డబ్బా ఊపిన.
అది అప్పటికే దాటిపోయింది.

విరామానికి ఇంక పంతొమ్మిది నిమిషాలు.
చెమట కన్నుల వడ్డది, తుడుచుకుంటే పోలు కదులుతది.
“సీదా” అన్నడు సారు.