కర్త లేని వాక్యం

ఇద్దరికీ నోరు నాదే.
సాక్షి హంగేరియన్‌లో 'నేను' అంటే
జర్మన్‌లో నేనే 'నేను' అనాలి.
ముద్దాయి జర్మన్‌లో 'నేను' అంటే
సాక్షి చెవిలో మళ్లీ నేనే.
గంటకు పద్నాలుగు మార్కులు, కాఫీ ఉచితం.

అక్టోబరు. కిటికీలు మూసినా
చక్కెర మిల్లు నుంచి ఉడికిన బీటుదుంపల వాసన.
ఎర్హార్ట్ జోబెల్, యాభై తొమ్మిదేళ్లు.
స్టేషన్ మాస్టరు కొడుకు,
పొదుపు బ్యాంకులో గుమస్తా,
ఆపైన మూడేళ్లు రాబెన్‌లో శిబిరానికి కమాండెంట్,
ఆపైన పదిహేనేళ్లు
భార్య పుట్టింటి పేరుతో విత్తనాల కొట్టు.
ముల్లంగి, క్యారెట్, బంతి.
ప్రతి పొట్లం మీదా గుండ్రని చేతిరాత:
ఎప్పుడు నాటాలో, ఎంత లోతునో.
అదే చేతిరాత
ప్రాసిక్యూటర్ బల్ల మీది దస్త్రాల్లోనూ ఉంది.

తగ్గు గొంతుతో మాట్లాడతాడు.
దగ్గు బిళ్ల చప్పరిస్తూ
దాని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడు,
కింద పారేయడు.
"నాలుగువందల పన్నెండు మంది బదిలీ చేయబడ్డారు.
రేషన్ తగ్గించబడింది.
ఆ శీతాకాలం నష్టాలు నమోదు చేయబడ్డాయి."

బడ్డారు, బడింది, బడ్డాయి.
ఎవరూ తోయకుండానే అందరూ పడ్డట్టు.
కర్మలున్నాయి, క్రియలున్నాయి,
కర్త మాత్రం సెలవులో ఉన్నాడు.
(ఆ వారం సెలవులో ఉన్నానని కూడా అన్నాడు.)

నా మాతృభాషలో ఆ క్రియ నడవదు.
చేసినవాడు కావాలి.
పేరు తెలియకపోతే కనీసం 'వాళ్లు' అనాలి.
గుక్క తిప్పుకుని,
"వాళ్లు బదిలీ చేశారు" అన్నాను.
ఆ రోజు సాక్షి ఒక ముసలావిడ.
మెల్లగా నా వైపు తిరిగింది:
"వాళ్లంటే ఎవరమ్మా?"
అదీ తర్జుమా చేశాను.
డిఫెన్సు లాయరు లేచాడు.
సాక్షి ప్రశ్నలు అడగరాదన్నారు జడ్జిగారు.

ఆ రాత్రి మా వంటగదిలో
నీలం అంచు పళ్లెం ముక్కలు.
"పగిలిపోయింది" అంది నా ఐదేళ్ల కూతురు.
ఎవరు పగలగొట్టారు?
"అదే పగిలింది."
అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.
పక్కింటివాళ్లు గోడ మీద కొట్టారు.

మర్నాడు డెజో లక్నర్, దర్జీ.
"తలెత్తి చూడటమే నేరమన్నారు కదా,
మరి ఈయనేనని ఎలా చెప్పగలరు?"

"ముఖం చూడలేదండీ. కొలతలు తీశాను.
ఛాతీ నూట రెండు.
నడుం తొంభై నాలుగు, రెండో కోటు నాటికి తొంభై ఎనిమిది.
మేం తగ్గుతున్నాం, ఆయన పెరుగుతున్నాడు, టేపు ఒకటే.
ఎడమ భుజం కుడిదానికంటే సెంటీమీటరున్నర దిగువ.
అది తెలియకుండా లోపల దూది పెట్టమన్నాడు.
మొదటిసారి కుదరలేదు.
కాజాలు కుట్టే యెనోని, పదిహేడేళ్లవాణ్ణి,
బయటికి తీసుకెళ్లాడు.
తీసుకెళ్లింది ఈయనే.
రెండోసారి కుదిరింది."

"నేను కొలతలు తీశాను" అన్నాను, నా నోటితో.
"ఎడమ భుజం" అన్నానో లేదో
ముద్దాయి నిటారుగా జరిగి
ఎడమ భుజం కాస్త పైకెత్తాడు.
నేను చూశాను.
లక్నర్ చూడలేదు,
ఆయన చూపు పాత అలవాటుకొద్దీ
బొత్తాల దగ్గరే ఆగింది.
రికార్డులో అది లేదు.
భుజం చెప్పింది రాసుకునే స్టెనో ఏ కోర్టులోనూ లేడు.

డిసెంబరులో తీర్పు.
ఏడేళ్ల శిక్ష విధించబడింది.
ఊపిరితిత్తులు బాగాలేవని
మూడో ఏడు విడుదల చేయబడ్డాడు.

సాక్ష్యం ముగిసిన ఆ మధ్యాహ్నం
రైలు వేళ దాకా వరండా బెంచీ మీద కూర్చున్నాం.
"మీ కోటు చెయ్యి లోపల అస్తరు ఊడింది" అన్నాడు లక్నర్.
కాలరు వెనక నుంచి సూది తీశాడు.
ఒంటిమీద ఉండగా కుట్టకూడదంటుంది మా అమ్మ, అన్నాను.
"మా అమ్మా అనేది. కదలకండి."
ఎనిమిది కుట్లు.
ముడి ఆయనే వేశాడు.
దారం ఆయనే కొరికాడు.