ప్రకటనల ఖర్చు

మా పద్దు పుస్తకంలో గుర్రం గుర్రంలా ఉండదు.
కరెంటు బిల్లుకీ ఏసీ మరమ్మతుకీ మధ్య
'ప్రకటనలు, ఇతరములు' అన్న గీత కింద
తొమ్మిదివేల రూపాయలై
కదలకుండా నిలబడి ఉంటుంది.

జగదాంబ దగ్గర సెల్లారులో మా గేమింగ్ సెంటరు.
మెట్లు దిగగానే కుడివైపు పందెం మెషిను.
ఎనిమిది ప్లాస్టిక్ గుర్రాలు, ఎనిమిది జీనులు,
ఎదురుగా గోడంత తెర.
టోకెన్ ఎనభై, పరుగు తొంభై సెకన్లు.
గెలిచినవాడికి బొమ్మ ఎలుగుబంటి,
ఓడినవాడికి ఇంకో టోకెన్ మీద ఆశ.
ఆదివారం సాయంత్రం క్యూ
మెట్లెక్కి జ్యూసు కొట్టు దాకా పాకుతుంది.

మెట్ల పైన అసిరయ్య.
అసిరయ్య పక్కన తారాజువ్వ.

ఒకప్పుడది హైదరాబాదులో నిజంగానే పరిగెత్తిందట.
అప్పటి పేరు ఇంగ్లీషులో మూడు ముక్కలు,
అసిరయ్య నోట పలకదు.
ముంగాలు బెణికాక చేతులు మారి మారి
బీచి రోడ్డుకి చేరింది.
సబ్‌మెరైన్ దగ్గర ఎక్కించుకుని
కాళీ గుడి దాకా, మళ్ళీ వెనక్కి.
పెద్దలకి వంద, పిల్లలకి యాభై,
ఉత్త ఫొటోకి ఇరవై.
"అందరి సేతుల్లోనూ పోన్లేనమ్మా,
గుర్రం ఎవులికి కావాల?"

మా ఓనరుకి కావలసొచ్చింది.
కింద బొమ్మది ఎక్కేవాడికి
పైన అసలుది కనపడితే నమ్మకం అన్నాడు.
అలా తెర మీది గుర్రాలు సంపాదించి
తోలు గుర్రాన్ని సాకడం మొదలుపెట్టాయి.
ఉలవలు, తవుడు, నాడాలు,
అన్నీ మెషిను గల్లాలోంచే.
గడ్డి తినే ప్రాణి కరెంటు తింటోంది.

అసిరయ్యకి మొదట్లో నచ్చింది.
"వోన పడినా డబ్బులొస్తన్నాయి,
సముద్రం కాడ ఈ సుకం నేదు."
తర్వాత నచ్చడం మానేసింది.
ఎందుకో చెప్పలేదు. ఒక సాయంత్రం నేనే చూశాను.

కింద అద్దం తలుపు ఎవరో తెరిచి పట్టుకున్నారు.
మెషినులో గంట మోగింది,
గేట్లు తెరుచుకున్న చప్పుడు,
స్పీకర్లలోంచి డెక్కల హోరు.
పైన, బెలూన్లవాడికీ స్కూటర్లకీ మధ్య
తారాజువ్వ చెవులు నిక్కాయి.
భుజం మీది చర్మం అలలు అలలుగా వణికింది.
బెణికిన కాలు ఎత్తి
ఒక్క క్షణం గాలిలోనే ఉంచింది.

తలుపు మూసుకుంది.
కాలు దించింది.
దాని మెడ మీద చెయ్యేసి
నా వైపు చూడకుండా అన్నాడు అసిరయ్య:
"రోజుకి నలభై మాట్లు ఇలాగే."

మార్చిలో ఓనరు
గుర్రం ఉన్న రోజులూ లేని రోజులూ
విడివిడిగా వసూళ్ళు తీయమన్నాడు.
తీశాను. నాకు చేతనైంది అదొక్కటే.
దానికి కడుపునొప్పొచ్చిన పదకొండు రోజులు,
నాడా ఊడిన రెండు,
అసిరయ్య కూతురి పురిటికెళ్ళిన నాలుగు.
కూడి, భాగించి, పక్కపక్కన పెడితే
తేడా రోజుకి నాలుగొందల పది.
ఎక్కువ వచ్చింది
గుర్రం లేని రోజుల్లో.

జనం తలెత్తి చూస్తే కదా.
ఫోను చూసుకుంటూ
దాని తోక పక్కనుంచే మెట్లు దిగిపోతున్నారు.

పద్దెనిమిదేళ్ళుగా పైసా తప్పు రాయని చేయి.
పై వరసలో రెండే మాటలు:
ఉన్న. లేని.
వాటి చోట్లు మార్చాను.
తిండి నిలబెట్టానా, ఆ గంట నిలబెట్టానా?
దీనికి ఏ ఖాతా తెరవాలో
నాకెవరూ నేర్పలేదు.

ఓనరు కాగితం రెండుసార్లు చదివాడు.
"నెలకి పన్నెండువేల పైన తెస్తోందా!
అయితే ఇంకో గుర్రం దొరుకుతుందేమో కనుక్కోండి."

రాత్రి పదిన్నరకి షట్టరు దించాక
అసిరయ్యకి సంగతి చెప్పాను.
సంతోషించలేదు, తిట్టలేదు.
పగ్గం చేతికి చుట్టుకుంటూ
"ఈపాలి పందెం ఎరగందాన్ని సూడండమ్మా" అన్నాడు.
బీచి వైపు పల్లంలోకి నాలుగడుగులేసి
మళ్ళీ ఆగాడు.
"సెవుడుదైనా పర్లేదు."