పిట్టల పద్దు

దసరా వెళ్ళిన మూడో ఆదివారం
రంగు కాగు కింద మంట పెట్టను.
పట్టు చిలపలు దండెం మీద వాటి మానాన ఆరుతుంటాయి.
వేళ్ళు ఎర్రగా, గోళ్ళ సందుల్లో నీలంగా
గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి
గోసాణి నువాగాం సందు దాటి, రైలు కట్ట దాటి,
అంబపువా వైపు పోయే మొదటి ఆటో ఎక్కుతాను.
"చేపలకా?" అంటాడు ఆటో అబ్బాయి ఒడియాలో.
"పిట్టలకి."
వండుకోడానికి అనుకుంటాడు. అనుకోనీ.

బరంపురం మురుగంతా వచ్చి ఆగే ఆ చెరువు గట్టున
ఉద్ధవ్ పాత్రో ముందే కూర్చుని ఉంటాడు,
రాత్రి డ్యూటీ దిగి,
పంపుహౌసు తాళాల గుత్తి నడుముకి వేలాడేసుకుని.
అతని బైనాక్యులర్‌కి ఒక కన్ను బూజు పట్టింది.
కుడివైపు దూరం, ఎడమవైపు పొగ.
వంతులేసుకుని చూస్తాం,
ఒకే బీడీ ఇద్దరు కాల్చినట్టు.

ఉద్ధవ్‌కి లెక్క కావాలి: ఎన్ని, ఎప్పుడు, ఏ గట్టున.
నాకు రంగు కావాలి.
లకుముకి వీపు మీది నీలం
ముప్పై ఏళ్ళుగా నా కాగులో దొరకలేదు,
నీళ్ళలోంచి పైకి తీయగానే ఒక మెట్టు దిగిపోతుంది.
సూదితోక బాతు మెడ పక్కన ఆ తెల్లటి గీత ఉందే,
అది అద్దిన తెలుపు కాదు,
ముడి బిగించిన చోట రంగు తాగని దారం.
ఇలా చెబితే ఉద్ధవ్ రాసుకోడు.
"సంఖ్య చెప్పు."
"నలభై. కాదు, ఒకటి మునిగి లేచింది. నలభై ఒకటి."

ఒక్క పిట్ట దగ్గర మాత్రం ఏటా తగువే.
తెల్ల బుగ్గలు, బూడిద వీపు,
ఒక్క క్షణం ఊరుకోని తోక.
చలికంటే వారం ముందే దిగుతుంది.
కాటుకపిట్ట, అంటాను.
కాటుక పేరున్న పిట్ట అదిగో, కజలపాతి, అంటాడు,
కరెంటు తీగ మీద చీలిన తోకతో కూర్చున్న
ఏట్రింతను చూపించి.
నాది మా అమ్మ చెప్పిన పేరు.
అతనిది వాళ్ళమ్మ చెప్పిన పేరు.
ఇద్దరమ్మలూ ఒకే వీధి కుళాయి దగ్గర
బిందెలు పెట్టి పోట్లాడుకున్నవాళ్ళే కావొచ్చు.
పద్దులో పేరు గడి ఖాళీగా వదిలి
ఊగే తోకలాంటి గీత ఒకటి గీస్తాడు.
తుఫాను ఏడాది ఆ గీత కూడా లేదు.
"కరెంటు లేదు" అని ఉంది, అంతే.

ఈసారి చెరువే మూడో వంతు లేదు.
కూల్చిన ఇళ్ళ పెంకులు, ఎవరిదో బాత్రూం నీలం పలకలు,
లారీలు తెచ్చి పోశాయి.
గట్టున్న చోట దారి. తెల్లారగట్ల పోసిన సిమెంటు,
మీద తడి గోనెలు,
కాపలాకి దండాసి మేస్త్రీ, మఫ్లర్ చుట్టుకుని.
బాతులు అవతలి మూలకి జరిగాయి
పిలవని పెళ్ళికొచ్చిన వాళ్ళలా.
ఉద్ధవ్ రాశాడు: పదకొండు.
వెనక కాగితానికీ అచ్చు పడేలా నొక్కి రాశాడు.

అప్పుడు దిగింది.
గోనె చాలని మూల, ఇంకా బిగియని బూడిద మీద
పరుగు, ఆగు, తోక, పరుగు.
మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి,
పట్టు చీర అంచుకి నేసే కుంభాల్లా వరసగా.
దారి దాటి, ఈగను పట్టి,
ఎన్ని కొండలు దాటి వచ్చిందో ఆ దిక్కుకే వీపు పెట్టి
మురుగు ఒడ్డున ఈకలు దువ్వుకుంది.

మేస్త్రీ తాపీ పట్టుకుని లేచాడు.
ఉద్ధవ్ లేచాడు, తాళాలు గలగలమన్నాయి.
నేను లేవలేదు. అద్దాల వంతు నాది.
మంచి కన్నులోంచి దండాసి మోకాలొక్కటే కనిపిస్తోంది,
వంగి, చాలాసేపు వంగే ఉంది.
"ఎనిమిదింటికి ఇంజినీరొస్తాడు," అన్నాడు తెలుగులో,
ఎవరితోనూ కాదు.
"అప్పటికిది రాయైపోద్ది."
ఏడూ ఇరవై.

ఉద్ధవ్ వంగి అడుగులు లెక్కపెట్టాడు.
ముప్పై నాలుగు.
ఖాళీ గడిలో, పేరుండాల్సిన చోట, ఆ అంకె వేశాడు.

ఆటోలో ఇంటికొస్తూ అరచేయి చూసుకున్నాను.
వక్క కషాయం, కొంచెం నీలిమందు, ఒక పొంగు,
ఆ వీపు బూడిద రావొచ్చు.
బూడిద రంగు పట్టు చీర
ఏ పెళ్ళికి కొంటారో తెలీదు.